43 రోజుల సర్వీసు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఈసారి వేరే దేశపు సంగతి ఒకటి వ్రాయదలచుకున్నాను. మొదట చదివేవారికి ఇది ఆటల పేజీలో ఉండవలసిన వ్యాసం అనిపించవచ్చు. కాని ఉద్యోగ జీవితంలో సగానికి పైగా పెన్షన్ సెక్షన్‌లో గుమాస్తాగా సర్వీసు రిజిస్టర్ల ముందు కూర్చున్నవాణ్ణి. నాకు ఇందులో ఆట కంటే సర్వీసు లెక్కే ఎక్కువగా కనిపించింది.

మా అమ్మాయి కాపురం అమెరికాలోని హ్యూస్టన్‌లో. నేనూ, మా ఆవిడా వెళ్ళినప్పుడల్లా ఐదారు నెలలు ఉండి వస్తాము. పగలు అల్లుడు గారు, అమ్మాయి ఆఫీసులకు, పిల్లలు బడికి వెళ్ళిపోతారు. ఇంటికి దగ్గరలో ఒక పబ్లిక్ లైబ్రరీ ఉంది, నడిచి వెళ్ళవచ్చు. అక్కడ బేస్‌బాల్ ఆట చరిత్ర మీద బీరువాల నిండా పుస్తకాలు. వాటిలో ఇటుక బరువున్న పుస్తకం ఒకటి నన్ను పట్టేసింది. పెద్ద లీగ్‌లో ఆడిన ప్రతి ఆటగాడి పేరూ అందులో ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆడినవాడికి పేజీలో పావు వంతు, ఒక్కరోజు ఆడినవాడికి ఒక్క వరుస. అచ్చం మన సర్వీసు రిజిస్టరులో ఎంట్రీలే. పేరున్న ఆటగాళ్ళ సంగతి అందరికీ తెలుసు. నా కన్ను ఆ ఒక్క వరుసల వాళ్ళ మీద పడింది.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం. జట్టుకు తొమ్మిది మంది. బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. నేలకు తగలకుండా నేరుగా విసురుతాడు. కొట్టేవాడు గుండ్రటి కర్రతో కొట్టి మొదటి గూడు చేరితే హిట్. పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే కొట్టేవాడు శ్రమ లేకుండా నడుచుకుంటూ మొదటి గూటికి పోవచ్చు. నాలుగు గూళ్ళూ చుట్టి వస్తే ఒక రన్. కొట్టే అవకాశాల్లో ఎన్నిసార్లు హిట్ అయిందో భాగించి సగటు కడతారు. పదింట మూడు హిట్లు కొట్టేవాడు, అంటే సగటు .300 ఉన్నవాడు, మంచి ఆటగాడు.

పెద్ద లీగ్ కింద మెట్లుమెట్లుగా చిన్న లీగ్‌లు ఉంటాయి. ఊరూరా తిరుగుతూ, బస్సుల్లో నిద్రపోతూ, చాలీచాలని జీతంతో కుర్రవాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడ ఆడతారు. పైనుంచి ఎప్పుడో పిలుపు వస్తుంది. కొందరికి అది నాలుగు రోజుల్లోనే ముగిసి తిరుగు టపాలో కిందికి వచ్చేస్తారు. అలా కొద్దిరోజులు పైన ఉండి రావడాన్ని ఆ ఆటలో ‘ఒక కప్పు కాఫీ తాగి రావడం’ అంటారు. కాఫీ తాగినంత సేపే ఉన్నాడని అర్థం. మన ఆఫీసుల్లో లీవ్ వేకెన్సీలో మూడు నెలలు పనిచేసి మళ్ళీ పాత సీటుకు వచ్చేవారిని తలచుకుంటే సరిపోతుంది.

హ్యూస్టన్ జట్టు 1962లో పుట్టింది. అప్పుడు దాని పేరు కోల్ట్ ఫార్టీఫైవ్స్, రివాల్వర్ పేరు. అదే ఏడాది న్యూయార్క్‌లో మెట్స్ అనే జట్టు కూడా వచ్చింది. పాత జట్లు ఎవరిని వదులుకోవడానికి సిద్ధపడ్డాయో వారిలోంచి ఆటగాళ్ళను డబ్బిచ్చి ఎంచుకోవలసిన పరిస్థితి ఈ రెండింటిదీ. కొత్త జిల్లా ఏర్పడినప్పుడు పాత కలెక్టరేట్లు ఎవరిని పంపిస్తాయో మనకు తెలియనిది కాదు. మొదటి ఏడాది హ్యూస్టన్ 64 ఆటలు గెలిచి 96 ఓడింది. రెండవ ఏడాది 66 గెలిచి మళ్ళీ 96 ఓడింది. న్యూయార్క్ వారి గతి మరీ అధ్వాన్నం, 1963లో 111 ఓటములు.

హ్యూస్టన్ వాతావరణం కోస్తా జిల్లాల వారికి వివరించనక్కరలేదు. వేసవిలో మచిలీపట్నం ఉక్కపోత. పైకప్పు ఉన్న పెద్ద స్టేడియం కట్టేవరకు తాత్కాలికంగా కోల్ట్ స్టేడియం అని ఒకటి వేశారు. అక్కడి దోమలు చరిత్రకెక్కాయి. ఆట మధ్యలో మందు కొట్టేవారట. పగటి ఎండ భరించలేక 1963 జూన్‌లో పెద్ద లీగ్ చరిత్రలోనే మొదటిసారిగా ఆదివారం ఆటను రాత్రిపూట పెట్టారు. 1965లో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పు స్టేడియం తెరిచారు. అంతరిక్ష కేంద్రం ఆ ఊళ్ళోనే ఉండడంతో జట్టు పేరు ఆస్ట్రోస్‌గా మార్చారు. ఈనాటికీ అదే పేరు. మా మనవడు ఆ టోపీ లేనిదే గడప దాటడు.

జట్టు వ్యవహారాలు చూసే పాల్ రిచర్డ్స్ అనే ఆయన ముసలి గుర్రాలతో లాభం లేదని కుర్రవాళ్ళను పోగుచేయడం మొదలుపెట్టాడు. 1963 సెప్టెంబరు 27న ఒక వింత చేశారు. న్యూయార్క్ మెట్స్ మీద ఆటకు మొదలుపెట్టిన తొమ్మిది మందీ కొత్తవాళ్ళే. సగటు వయస్సు ఇరవై లోపు. మన లెక్కలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు. జో మోర్గాన్, రస్టీ స్టాబ్, జిమ్మీ విన్, జెర్రీ గ్రోటీ, సానీ జాక్సన్, బ్రాక్ డేవిస్, ఆరన్ పాయింటర్, గ్లెన్ వాన్, పిచర్‌గా జే డాల్. ఈ తొమ్మిది పేర్లూ ఒకే రోజున ఒకే ఆర్డరు మీద ఉద్యోగంలో చేరిన బ్యాచ్ అనుకోండి. మోర్గాన్ 1984 దాకా ఆడి, 1990లో ఆ ఆట మహామహుల జాబితాకెక్కాడు. స్టాబ్ 23 సీజన్లు ఆడాడు. విన్, గ్రోటీ, జాక్సన్ కూడా పదేళ్ళు దాటి నిలబడ్డారు. డేవిస్ వస్తూ పోతూ 1972 దాకా ఉన్నాడు. మిగిలిన ముగ్గురి మాట చెప్పాలి.

జే డాల్ ఎడమచేతి పిచర్, కాలిఫోర్నియా కుర్రవాడు. అప్పటికి పద్ధెనిమిది నిండలేదు. తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో మూడో ఇన్నింగ్సు పూర్తికాకుండానే ఏడు రన్లు ఇచ్చాడు. వాటిలో రెండు తోటివాళ్ళ తప్పుల వల్ల వచ్చినవి. అతన్ని దించేశారు. ఆట 10-3తో పోయింది. మళ్ళీ చిన్న లీగ్‌కు వెళ్ళి ఆడుతూ, 1965లో నార్త్ కరోలినాలోని సాలిస్బరీ జట్టుకు వరుసగా ఐదు ఆటలు గెలిపించి, పైకి పిలుపు వస్తుందనుకుంటున్న రోజుల్లో జూన్ 20న కారు ప్రమాదంలో పోయాడు. పందొమ్మిదేళ్ళు. పుస్తకంలో అతని పేరు ఎదుట ఒక ఆట, ఒక ఓటమి అని ఉంటుంది. సాలిస్బరీలో గెలిచిన ఐదూ అందులోకి ఎక్కలేదు. చిన్న లీగ్ లెక్కలు ఆ పుస్తకంలో వేయరు.

గ్లెన్ వాన్ ఆ సెప్టెంబరులో మొత్తం తొమ్మిది ఆటలు ఆడాడు. మళ్ళీ పిలుపు రాలేదు.

ఆ తొమ్మిది మంది కుర్రవాళ్ళ ఆట జరిగిన రెండు రోజులకు, సెప్టెంబరు 29న, సీజనులో చివరి ఆట. ప్రత్యర్థి మళ్ళీ న్యూయార్కే. గెలిచినా ఓడినా రెండు జట్లకూ ఒరిగేది లేదు. చూడవచ్చిన వారు నాలుగు వేలకు లోపే. అటువంటి ఆటలో జాన్ పచోరెక్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి దింపారు. డెట్రాయిట్ ప్రాంతం వాడు, పోలిష్ మూలాలున్న కుటుంబం, బోలెడుమంది తోబుట్టువుల్లో పెద్దవాడు. నిండా కండలు తిరిగిన మనిషి. హైస్కూలులో ఉండగానే కంపెనీలు వెంటపడ్డ ఆటగాడు. అప్పటికే అతని నడుములో నొప్పి ఉంది. చిన్న లీగ్‌లో ఆ ఏడాది చెప్పుకోదగ్గ ఆట ఏమీ ఆడలేదు. సీజను ముగిశాక నడుము చూపించడానికి హ్యూస్టన్ వచ్చినవాణ్ణి చివరి ఆట ఆడతావా అని అడిగితే సరేనన్నాడు.

ఐదుసార్లు కర్ర పట్టుకున్నాడు. రెండుసార్లు పిచర్ గురి తప్పి నడిపించాడు. మూడుసార్లు కొట్టాడు, మూడూ హిట్లే. నాలుగు రన్లు చేశాడు, తన దెబ్బతో మూడు రన్లు చేయించాడు. హ్యూస్టన్ 13-4తో గెలిచింది. అతని సగటు 1.000, అంటే నూటికి నూరు.

ఆ తరువాత జాన్ పచోరెక్ పెద్ద లీగ్‌లో మరొక్క ఆట ఆడలేదు.

1964 వసంతంలో శిక్షణ శిబిరానికి వచ్చేసరికి నడుము పూర్తిగా ఎదురు తిరిగింది. చిన్న లీగ్‌కు పంపారు. అక్కడా ఆడలేకపోయాడు. అదే ఏడాది వెన్నెముకకు పెద్ద ఆపరేషన్ చేసి పూసలను అతికించారు. నెలల తరబడి పట్టీ బిగించుకుని పడి ఉండవలసి వచ్చింది. లేచాక మళ్ళీ 1969 దాకా కింది లీగ్‌లలో ప్రయత్నించాడు. ఈ మధ్య కాలంలోనే యూనివర్సిటీలో చేరి వ్యాయామ విద్యలో డిగ్రీ తీసుకున్నాడు. ఆట కుదరదని తేలిన తరువాత కాలిఫోర్నియాలోని శాన్ గేబ్రియెల్‌లో ఒక స్కూలులో వ్యాయామ ఉపాధ్యాయుడిగా దశాబ్దాల పాటు పనిచేశాడు. ఆయన తమ్ముడు టామ్ పద్ధెనిమిది సీజన్లు పెద్ద లీగ్‌లో ఆడాడు. మరొక తమ్ముడు జిమ్ కూడా ఒక ఏడాది ఆడాడు. సగటు లెక్క తీస్తే మాత్రం ఇద్దరూ అన్నగారి దరిదాపులకు రారు!

క్రికెట్ అభిమానులకు దీనికి సాటి ఒకటి గుర్తుకు రావాలి. 1948లో వెస్టిండీస్ తరఫున ఆండీ గాంటోమ్ ఒకే ఒక్క టెస్టు ఆడి, ఆడిన ఒక్క ఇన్నింగ్సులో 112 చేశాడు. ఆ తరువాత అతన్ని తీసుకోలేదు. సగటు 112. బ్రాడ్‌మన్‌ది 99.94. అంకెలు ఎంత చిత్రమైనవో ఆడిట్ సెక్షన్‌లో పనిచేసిన మిత్రులు వేరే చెప్పించుకోనక్కరలేదు.

ఇక ఆరన్ పాయింటర్. ఈయన నల్లజాతివాడు, ఓక్లండ్‌లో పెరిగాడు. తండ్రి చర్చిలో ప్రబోధకుడు. అమెరికన్ పాటలు వినే మన పిల్లలకు పాయింటర్ సిస్టర్స్ పేరు తెలిసే ఉంటుంది. ఆ గాయనీమణులకు స్వయానా అన్నగారు. 1961లో పైన చెప్పిన సాలిస్బరీలోనే ఒక సీజను ఆసాంతం ఆడి .402 సగటు చేశాడు. నాలుగు వందలు దాటడమంటే ఆ ఆటలో మామూలు మాట కాదు. పెద్ద లీగ్‌లో ఆఖరుసారి అది సాధించినది టెడ్ విలియమ్స్, 1941లో. చిన్న లీగ్ అయితేనేం, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికి హోటలులో భోజనం పెట్టని ఆ రోజుల్లో, ఇరవై ఏళ్ళైనా నిండని పిల్లవాడు పరాయి ఊళ్ళో ఉండి చేసిన పని అది. నా మట్టుకు నాకు పచోరెక్ 1.000 కంటే ఈ .402 పెద్దదిగా తోస్తుంది. ఒక్కరోజు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు కలిసివస్తుంది, సీజను పొడుగునా కలిసిరాదు.

అంతటివాడికి హ్యూస్టన్‌లో దక్కింది 1963లో రెండు ఆటలు, 1966లో పదకొండు, 1967లో ఇరవై ఏడు. వెరసి నలభై. సగటు .208. తరువాత జపాన్ వెళ్ళి అక్కడి జట్టులో ఆడాడు. తిరిగి వచ్చి అమెరికన్ ఫుట్‌బాల్‌లో అంపైరు పని నేర్చుకుని, ఆ దేశపు అతిపెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో 1987 నుంచి పదిహేనేళ్ళకు పైగా ఆ పని చేశాడు. ఆటగాడిగా నిలవనివ్వని వృత్తిలో కాకపోయినా పక్క వృత్తిలో నిలిచాడు.

వయస్సులో వీరందరికంటే పెద్దవాడు జిమ్ అంబ్రిక్ట్. పిట్స్‌బర్గ్ జట్టు వదిలేస్తే 1962లో హ్యూస్టన్ వచ్చిన పిచర్. మొదటి ఏడాది నాలుగు గెలిచి ఒక్కటీ ఓడలేదు. 1963 మార్చిలో కుడికాలి మీద పుట్టుమచ్చ మారుతున్నట్టు గమనించి చూపిస్తే క్యాన్సర్ అన్నారు. మనవాళ్ళు కూడా వైద్యానికి వెళ్ళే ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేశారు. మే నెల మొదటి పక్షంలోనే, కుట్లు మానీ మానకముందే మళ్ళీ బంతి పట్టుకున్నాడు. ఆ సీజనంతా ఆడి నాలుగు గెలిచాడు. శీతాకాలంలో జబ్బు తిరగబెట్టింది. 1964 ఏప్రిల్ 8న, కొత్త సీజను ఇంకా నాలుగైదు రోజుల్లో ఉందనగా కన్నుమూశాడు. 33 ఏళ్ళు. జట్టు ఆ ఏడాది నల్లపట్టీ కట్టుకుని ఆడింది. 1965లో అతని 32వ నంబరును ఇంకెవరికీ ఇవ్వరాదని నిర్ణయించారు. హ్యూస్టన్ జట్టు అలా పక్కన పెట్టిన మొదటి నంబరు ఇదే. మనవడితో ఆట చూడటానికి వెళ్ళినప్పుడు గోడ మీద మహామహుల నంబర్ల వరుసలో ఈ 32 కనిపించింది. పక్క సీటాయనను అడిగితే ఎవరిదో ఆయన చెప్పలేకపోయాడు. నేను చెప్పాను. మనవడు నా వైపు కొంచెం గర్వంగానే చూశాడు.

ఇంతవరకూ ఆట. ఇకపై మన శాఖ.

పెద్ద లీగ్ ఆటగాళ్ళకు పెన్షన్ 1947లో మొదలయింది. ఐదేళ్ళ సర్వీసు ఉంటే యాభయ్యో ఏట నుంచి నెలకు 50 డాలర్లు, పదేళ్ళుంటే వంద. 1969లో ఐదేళ్ళను నాలుగుకు తగ్గించారు. వినడానికి ఉదారంగానే ఉంది. మన రివైజ్డ్ పెన్షన్ రూల్సులో కనీసం పదేళ్ళు క్వాలిఫైయింగ్ సర్వీసు అడిగారు కదా! కాని ఆ వృత్తిలో నాలుగేళ్ళు నిలవడం మనకు ముప్పై మూడేళ్ళు పూర్తిచేయడం కంటే కష్టం. పైగా మనకు పదేళ్ళు నిండకపోతే సర్వీసు గ్రాట్యుటీ అని కొంత ముట్టచెబుతారు. వారికి నాలుగేళ్ళకు ఒక్కరోజు తక్కువైనా సున్నా. జీతాల్లో దాచుకున్నారా అంటే, 1967 వరకు పెద్ద లీగ్‌లో కనీస జీతం ఏడాదికి 6,000 డాలర్లు. చలికాలంలో చాలామంది దుకాణాల్లో, గ్యారేజీల్లో పనిచేసుకునేవారు.

1980 మే నెలలో సమ్మె అంచుదాకా వెళ్ళి యజమానులకూ, ఆటగాళ్ళ సంఘానికీ రాజీ కుదిరింది. ఆ ఒప్పందంలో పెన్షన్‌కు కావలసిన సర్వీసు 43 రోజులకు దిగింది. ఈ 43 ఎక్కడిది అంటే, 172 రోజులు జట్టు జాబితాలో ఉంటే ఒక ఏడాది సర్వీసుగా లెక్కిస్తారు. దానిలో నాలుగో వంతు. వైద్య సదుపాయానికైతే ఒక్కరోజు చాలు. ప్రపంచంలో ఇంత ఉదారమైన పెన్షన్ నియమం నేను మరొకటి చూడలేదు.

అయితే అది అప్పటికి ఆడుతున్నవారికీ, ఆపై వచ్చేవారికీ మాత్రమే. 1947కూ 1979కీ మధ్య నాలుగేళ్ళు నిండకుండా ఆట ముగిసిపోయినవారికి వర్తించదన్నారు. 1980లో నెలన్నర ఆడినవాడు పెన్షనరు. 1979లో మూడున్నరేళ్ళ సర్వీసుతో మానినవాడు కాడు. కటాఫ్ తేదీ! ఈ మాట వింటే మన సభ్యుల్లో సగం మందికి రక్తపోటు పెరుగుతుంది.

అదే కాలంలో మనదేశంలో జరిగినది గుర్తు చేసుకోండి. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షన్ లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరచి, 1979 మార్చి 31న గాని ఆ తరువాత గాని రిటైరైన వారికే వర్తిస్తుందన్నది. డి.ఎస్. నకారా గారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారి అధ్యక్షతన ఐదుగురి ధర్మాసనం 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. పెన్షనర్లందరూ ఒకే తరగతి, తేదీ గీత గీసి రెండుగా చీల్చడం సమానత్వానికి విరుద్ధమని ఆ తేదీని కొట్టివేసింది. మనం ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం జరుపుకునేది అందుకే. ఆ తరువాత తేదీలు మాయమైపోయాయని కాదు. 2004 సెప్టెంబరు 1న గీసిన గీతకు అవతల పడ్డ మన పిల్లల సంగతి వేరే వ్యాసం అవుతుంది.

అమెరికాలో ఆ ఆటగాళ్ళకు నకారా దొరకలేదు. అక్కడ సంఘం అంటే పనిలో ఉన్నవారిది. రిటైరైనవారు బేరసారాల విషయంలో ఉద్యోగుల కిందికి రారని, వారి తరఫున యజమాని బేరం ఆడి తీరాలన్న నిర్బంధం లేదని అక్కడి సుప్రీంకోర్టు 1971లోనే ఒక రసాయనాల కంపెనీ కేసులో తేల్చింది. పాతవారికి సంఘంలో ఓటు లేదు. ఓటు లేనివాడి ఫైలు ఏ బల్ల మీద ఎంతకాలం ఉంటుందో మనకు తెలుసు. 1997లో ఒక మంచి పని జరిగింది. జాతి వివక్ష కారణంగా పెద్ద లీగ్‌లోకి రానివ్వక, నల్లవారి లీగ్‌లకే పరిమితం చేసిన పాత ఆటగాళ్ళలో కొందరికి ఏడాదికి 10,000 డాలర్ల భృతి ఇవ్వసాగారు. అది చూసి నాలుగేళ్ళు నిండని తెల్ల ఆటగాళ్ళు కొందరు, తమకు ఇవ్వకపోవడం వివక్ష అని 2003లో కోర్టుకెక్కారు. 2006లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు. వారి బాధ న్యాయమైనదే గాని పట్టుకున్న వాదం సరియైనది కాదని నా అభిప్రాయం. తలుపే తెరవని వారికి చేసిన పరిహారాన్ని తలుపు లోపలికి వచ్చినవారు కొలబద్దగా పెట్టుకోకూడదు. వారు అడగవలసినది 1980 తేదీని.

2010లో డగ్లస్ గ్లాడ్‌స్టోన్ అనే పత్రికా రచయిత వీరి గోడు మీద పుస్తకం వ్రాశాడు. పేరు ‘చేదు కాఫీ కప్పు’ అనవచ్చు. 2011 ఏప్రిల్‌లో లీగ్, ఆటగాళ్ళ సంఘం కలిసి ఒక భృతి ప్రకటించాయి. ప్రతి 43 రోజుల సర్వీసుకూ ఏడాదికి 625 డాలర్లు, ఎంత సర్వీసు ఉన్నా 10,000 దాటదు. అప్పటికి బ్రతికి ఉన్నవారు ఎనిమిది వందల పైచిలుకు. 2022 ఒప్పందంలో దీన్ని 15 శాతం పెంచి 718 డాలర్ల 75 సెంట్లు, గరిష్ఠం 11,500 చేశారు. పదకొండేళ్ళకు ఒక్క పెంపు. మన డి.ఏ. ఆలస్యమైతే మనం ధర్నా చేస్తాము. ఇదే కాలంలో పదేళ్ళు ఆడిన వారికి ఆ వృత్తిలో పెన్షన్ ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటిపోయింది. అవతలివాడి అదృష్టానికి ఏడవడం నా ఉద్దేశం కాదు గాని, రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూడక తప్పదు.

చేరేటప్పుడే నాలుగేళ్ళ నియమం వాళ్ళకు తెలుసు కదా, ఇప్పుడు అడగడమేమిటి అనే వాదన అక్కడ ఉంది. నాతో ఒక అమెరికన్ పెద్దమనిషి లైబ్రరీలోనే ఆ మాట అన్నారు. నియమం మారనంత కాలం ఆ వాదన నిలుస్తుంది. నాలుగేళ్ళు అవసరం లేదు, 43 రోజులు చాలునని వాళ్ళే ఒప్పుకున్న తరువాత, అవే 43 రోజులు 1963లో చేస్తే తక్కువ, 1983లో చేస్తే ఎక్కువ ఎట్లా అవుతాయో ఆయన నాకు చెప్పలేకపోయారు. సౌమ్యుడు, నవ్వేసి కాఫీ ఇప్పించారు.

మరి మన తొమ్మిది మంది బ్యాచ్‌కు ఈ లెక్క వేసి చూడండి. పదేళ్ళు దాటినవారికి చింత లేదు. నలభై ఆటలు ఆడిన పాయింటర్‌కు మూడు సీజన్లలో కొంచెం కొంచెం సర్వీసు చేరినా నాలుగేళ్ళ గీత చాలా దూరం. సెప్టెంబరులో పిలుపు వచ్చి ఆ నెలాఖరుకే సీజను ముగిసినవారికి ఎన్నిసార్లు కూడినా 43 రోజులు కావు. అందుచేత 2011 భృతి కూడా వారి గడప తొక్కలేదు. నూటికి నూరు సగటున్న పచోరెక్ కూడా ఈ కోవలోనివాడే. నియమం రోజులు చూస్తుంది, రన్లు చూడదు. మన దగ్గరా అంతే, ఎన్ని ఫైళ్ళు పరిష్కరించావని క్వాలిఫైయింగ్ సర్వీసు కాలములో ఎవరూ వ్రాయలేదు.

ఇంకొకటుంది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి మా ఆవిడకు చెప్పాను. ఆ 2011 భృతి మనిషితోనే ఆగిపోతుంది. ఆటగాడు పోయిన తరువాత భార్యకు గాని పిల్లలకు గాని ఒక్క డాలరు రాదు. మన నిబంధనల్లో ఏడాది సర్వీసు చేసి పోయిన ఉద్యోగి భార్యకు కూడా ఫ్యామిలీ పెన్షన్ ఉంది. నా సీటులో ఉండగా చూసిన కాగితాల్లో సగం అవే. వేలిముద్ర వేసి, చంకలో పసిపిల్లతో నిలబడ్డ ఇరవై రెండేళ్ళ అమ్మాయిలు ఎందరో వచ్చేవారు. వారి ఫారం నింపి పంపించినప్పుడు, ఎంత తక్కువ సర్వీసైనా ప్రభుత్వం లెక్కలోకి తీసుకుంటుంది అమ్మా అని చెప్పగలిగేవాణ్ణి. అంతా విని మా ఆవిడ, “అంత డబ్బున్న దేశంలో ఆ మాత్రం ఆలోచన లేకపోయిందా అండీ?” అన్నది. అప్పటికి ఎనిమిది వందల పైచిలుకు ఉన్న ఆ జాబితా ఏటేటా తరిగిపోతోంది. ఒక్కొక్కరు పోయినప్పుడల్లా ఆ భృతి పద్దులో అంత మిగులు.